పక్కూరికి పన్నెండు వేల కిలోమీటర్లు

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో మేం చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చలేదు.)



మమ్మల్ని రాష్ట్రం, రాకపోకలు అన్న ముచ్చట మీద మాట్లాడమన్నరు. ఇక్కడి బస్సుల లెక్క, రోడ్ల లెక్క చెప్తమని మీరు అనుకొని ఉంటరు. అవి మాకంటే మీకే ఎక్కువ ఎరుక. రోజూ నిలబడి పోయేది మీరే. అందుకే ఇయ్యాల మనమెవ్వరం ఎన్నడూ పోని రెండు ఊర్ల ముచ్చట తీసుకొచ్చినం. ఒక దాని పేరు ఇకాలుయిట్. ఇంకో దాని పేరు నూక్. మేం కూడ అక్కడికి పోలేదు, ఆ మాట ముందుగాలనే చెప్తున్నం. పటాలు, విమానాల తొవ్వలు, అక్కడి చరిత్ర ముందలేసుకొని తెలుసుకున్నదే చెప్తం. ఈ రెండు ఊర్లు మనకెందుకు అంటరా? జర ఓపిక పట్టుండ్రి.

కెనడా పటం చూసిన్రు గదా. దానికి ఈశాన్య మూలన బాఫిన్ అని పెద్ద దీవి ఉంటది. ఆ దీవి మీద సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట ఇకాలుయిట్. చేపలు బాగ దొరికే చోటని ఆ పేరుకు అర్థం. 1987 దాక దాన్ని ఫ్రోబిషర్ బే అని ఒక ఇంగ్లండ్ నావికుని పేరు మీద పిలిచిన్రు. అదిప్పుడు నునావుట్ అనే ప్రాంతానికి రాజధాని. రాజధాని అంటున్నం గని, 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 7,429 మంది. మన దగ్గర ఓ మోస్తరు మండల కేంద్రం అంత. అక్కడి నుంచి నేరుగ తూర్పుకు సముద్రం దాటితే గ్రీన్‌లాండ్. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్. అక్కడ ఇరవై వేల దాక జనం. ఈ రెండు ఊర్ల నడుమ డేవిస్ జలసంధి ఉన్నది. మొగులు మీద కొలిస్తే దూరం సుమారు 820 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కు విమానం పోయే దూరం ఎంతో, ఇంచుమించు అంతే. రెక్కల ముందల పంకాలు తిరిగే చిన్న విమానమైనా రెండు గంటల లోపల దింపుతది.

రెండు ఊర్లూ ఇనూయిట్ జనానివే. ఒకప్పుడు వీళ్లనే ఎస్కిమోలని పుస్తకాల్లో చదివినం, ఆ పేరు వాళ్లకిష్టం లేదు. వీళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేండ్ల కింద అలాస్కా దిక్కు నుంచి తూర్పుకు నడిచి, మంచు మీద కుక్కల బండ్లు తోలుకుంట కెనడా అంచుల మీదుగ గ్రీన్‌లాండ్ దాక పోయిన్రు. నేలను అటోళ్లూ ఇటోళ్లూ నునా అనే అంటరు. నునావుట్ అంటే మా నేల. గ్రీన్‌లాండ్‌ను అక్కడోళ్లు కలాల్లిత్ నునాత్ అంటరు, కలాల్లిత్ జనం నేల అని. భాష ఒక్క వేరు నుంచి వచ్చిందే.

మరి ఇకాలుయిట్‌లో ఉన్న మనిషి నూక్‌లో ఉన్న చుట్టం ఇంటికి పోవాలంటే ఎట్ల పోవాలె?

ఏండ్ల తరబడి ఉన్న తొవ్వ ఇది. జర శ్రద్ధగ వినుండ్రి. ముందు ఇకాలుయిట్‌లో విమానమెక్కి దక్షిణానికి, ఒటావాకు పోవాలె. అది కెనడా దేశ రాజధాని. దూరం 2,100 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. ఒటావా నుంచో, అక్కడికి దగ్గర్లో ఉన్న మాంట్రియల్, టొరంటో నుంచో అట్లాంటిక్ సముద్రం దాటి యూరప్‌కు పోవాలె. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో దిగాలె. ఒటావా నుంచి లెక్కేస్తే అది 5,900 కిలోమీటర్లు. అక్కడ ఇంకో విమానం పట్టుకొని, వచ్చిన దిక్కుకే మర్లి, పడమరకు నాలుగున్నర గంటలు ఎగరాలె. 3,400 కిలోమీటర్ల పైన. అప్పుడు గ్రీన్‌లాండ్‌లో కాంగెర్లుస్సువాక్ అనే చోట దిగుతరు. అది నూక్ కాదు. అక్కడి నుంచి చిన్న విమానంలో ఇంకో 317 కిలోమీటర్లు పోతే నూక్.

అన్నీ కూడుండ్రి. పదకొండు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. అట్లాంటిక్‌ను పోయేటప్పుడు ఒకసారి, మర్లి వచ్చేటప్పుడు ఒకసారి దాటాలె. గాలిలో ఉండేదే పదహారు గంటల దాక అయితది. దిగుడు, ఎక్కుడు, నడుమ రాత్రి పడకలు కలుపుకుంటే రెండు మూడు దినాలు. 820 కిలోమీటర్ల దూరానికి! ఐస్‌లాండ్ మీదుగ కుదిరితే కొంత తగ్గుతది. అది కూడ ఏడు వేల మూడు వందల కిలోమీటర్లు.

(ఇక్కడ ఒక తమ్ముడు లేచి, "అన్నా, మధ్యల సముద్రం ఉన్నది గదా, పడవ లేదా?" అని అడిగిండు.)

మంచి ప్రశ్న తమ్మీ. సముద్రం ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టి ఉంటది, లేకుంటే మంచు గడ్డలు తేలుతుంటయి. ఇకాలుయిట్‌కు సరుకుల ఓడ వచ్చేదే ఎండకాలంలో. రోడ్డు సంగతి అసలే అడగొద్దు. నునావుట్‌లో 25 ఊర్లున్నయి. వాటిలో ఏ ఊరి నుంచీ ఇంకో ఊరికి రోడ్డు లేదు. గ్రీన్‌లాండ్‌లో కూడ అంతే, పట్టణానికీ పట్టణానికీ నడుమ రోడ్డుండదు. అందుకే ఆడ విమానం సంపన్నుల సంగతి కాదు. మనకు ఎర్రబస్సు ఎట్లనో వాళ్లకు విమానం అట్ల. పురుటికి పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా, కొలువుకు పోవాలన్నా అదే. ఆ బస్సు పక్కూరికి పోకుండ పదకొండు వేల కిలోమీటర్లు తిప్పి తెస్తే అది ఎవరి పని?

చలి అంటరు, మంచు అంటరు. ఆ మాట కొంత నిజమే, నూక్‌లో పొగమంచు పట్టి విమానం దిగలేక వెనక్కి పోవుడు మామూలే. కాని మంచు లేకున్నా ఆ తొవ్వ అట్లనే ఉండేది. ఎందుకో తెలవాలంటే ఆ విమానాశ్రయాలు ఎవరు కట్టిన్రో చూడాలె. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తన యుద్ధ విమానాలను బ్రిటన్‌కు పంపాలె. ఒక్క దూకుడుకు అట్లాంటిక్ దాటే విమానాలు తక్కువ. నడుమ ఆగి నూనె పోసుకునే చోట్లు కావాలె. 1941లో గ్రీన్‌లాండ్‌లో కాంగెర్లుస్సువాక్‌లో, 1942లో ఇప్పుడు ఇకాలుయిట్ ఉన్న చోట రన్‌వేలు అట్ల వచ్చినయి. అంటే పుట్టుడు పుట్టుడే రెండూ ఒక్క తొవ్వ మీది మజిలీలు. అమెరికా సైన్యానికి ఆ రెండు చోట్ల నడుమ దూరం కొన్ని గంటలే. యుద్ధం అయిపోయింది. సైన్యం అవసరం పోయింది. ఆ జాగాలు వాటి వాటి దొరల చేతికొచ్చినయి. కాంగెర్లుస్సువాక్ నుంచి అమెరికా 1992లో పూర్తిగ పోయింది. విమానాలు మాత్రం కోపెన్‌హాగన్ దిక్కు మర్లినయి. ఇకాలుయిట్ విమానాలు ఒటావా, మాంట్రియల్ దిక్కు మర్లినయి. పక్కపక్కన కూసున్న ఇద్దరు అన్నదమ్ములను పట్టుకొని ఒకన్ని దక్షిణానికి, ఒకన్ని తూర్పుకు మొఖం తిప్పి కూసోబెట్టినట్టు.

గ్రీన్‌లాండ్‌ను డెన్మార్క్ 1950 దాక బయటి లోకానికి దాదాపు మూసే ఉంచింది. వ్యాపారమంతా సర్కారు కంపెనీ చేతిలోనే. పొరుగోళ్లతో బేరం చేసే హక్కు లేదు. 1953లో తనలో ఒక భాగం అని కలిపేసుకుంది. కెనడా దిక్కు హడ్సన్స్ బే కంపెనీ తోళ్లు కొనుక్కొని దక్షిణానికి పంపేది. దేశం కాని దేశం నుంచి వచ్చినోళ్ల అవసరం ఏ దిక్కుంటే తొవ్వ ఆ దిక్కే పడ్డది. అంతకుముందు ఎట్లుండెనో చెప్తే మీకు ఆశ్చర్యమైతది. 1850లు, 60లలో కిత్లర్సుయాక్ అనే పెద్దమనిషి బాఫిన్ దీవి నుంచి తన జనాన్ని వెంటేసుకొని, కుక్కల బండ్ల మీద, గడ్డకట్టిన సముద్రం దాటి గ్రీన్‌లాండ్ ఉత్తరపు కొనకు పోయిండు. ఏండ్లు పట్టింది, మస్తు గోస పడ్డరు. కాని ఆ తొవ్వకు నడుమ కోపెన్‌హాగన్ రాలేదు. ఉత్తరాన కెనడా దీవులకూ గ్రీన్‌లాండ్‌కూ నడుమ సముద్రం ఒక చోట 30 కిలోమీటర్ల దాక సన్నబడుతది.

ఇప్పుడు మనకు దగ్గరి ముచ్చటకు వస్తం. నునావుట్ కూడ మనలెక్కనే విడిపోయి ఏర్పడ్డదే.

అంతకుముందు అది నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే పెద్ద ప్రాంతంలో కలిసి ఉండేది. దాని రాజధాని యెల్లోనైఫ్. ఇకాలుయిట్ నుంచి యెల్లోనైఫ్‌కు 2,260 కిలోమీటర్లు. పరాయి దేశం అనుకునే నూక్ 820, సొంత రాజధాని 2,260. భాష తెలియని దఫ్తర్లు, మన ముచ్చట ఎరగని అధికారులు, ఫైలు ఎక్కడున్నదో అంతు దొరకని దూరం. అక్కడోళ్లకు ఎట్లనిపించిందో మీకు విడమరిచి చెప్పక్కర లేదు. 1976లో ఇనూయిట్ సంఘం మా భూమి మాకు, మా పాలన మాకు అని కాగితం మీద పెట్టింది. 1982లో విడిపోవాల్నా వద్దా అని ఓటు పెడితే 56 శాతానికి పైన విడిపోవాలన్నరు. సరిహద్దు గీత మీద 1992లో ఇంకోసారి ఓటు. 1993 మే 25న ఇకాలుయిట్‌లోనే ఒప్పందం మీద సంతకాలు. చట్టం అదే ఏడు జూన్‌లో. ప్రాంతం ఏర్పడ్డది మాత్రం 1999 ఏప్రిల్ 1న. చట్టానికీ పుట్టుకకూ నడుమ దాదాపు ఆరేండ్లు. ఆ ఆరేండ్లలో రాజధాని ఏదో 1995లో జనాన్నే అడిగిన్రు, ఇకాలుయిట్ గెలిచింది. కొలువులకు మనుషులను తయారు చేసుకున్నరు. మనకు చట్టం 2014 మార్చి 1న, రాష్ట్రం జూన్ 2న. మూడు నెలలు. ఉద్యోగ మిత్రులు ఆ మూడు నెలల్లో ఫైళ్లు పంచుకునుడు, మనుషులను పంచుకునుడు ఎట్లైందో మరిచిపోయి ఉండరు.

1999 ఏప్రిల్ 1న ఇకాలుయిట్‌లో పండుగ. ఇరవై లక్షల చదరపు కిలోమీటర్ల నేల, కెనడాలో అయిదో వంతు, అప్పటికి జనాభా ముప్పై వేల లోపల. సొంత శాసనసభ, సొంత ముఖ్యమంత్రి. మొదటి ముఖ్యమంత్రి పాల్ ఒకాలిక్ ఆ నేల బిడ్డే.

అప్పటికి ఇకాలుయిట్ నుంచి గ్రీన్‌లాండ్‌కు నేరుగ విమానం ఉన్నదా? ఉన్నది! ఫస్ట్ ఎయిర్ అనే కంపెనీ 1980ల నుంచి నడిపింది. ఆ కంపెనీ కూడ బయటోళ్లది కాదు, కెబెక్ ఉత్తరాన ఉన్న ఇనూయిట్ల సంస్థ 1990లో దాన్ని కొనుక్కుంది. ఆ విమానం 2001లో ఆగిపోయింది.

సొంత ప్రభుత్వం లేని నాడు నడిచిన విమానం, సొంత ప్రభుత్వం వచ్చిన రెండేండ్లకు బంద్ అయింది. ఈ మాట మాకు మొదటిసారి తెలిసిన నాడు మనసుకు కష్టమైంది. మేం 2009 నుంచి 2014 దాక రోడ్ల మీద ఉన్నోళ్లం. 2011లో సకల జనుల సమ్మె నాడు బస్సు చక్రం తిరగనియ్యలేదు, రైలు పట్టాల మీద వంటలు చేసుకున్నం. రాకపోకలు ఆపి రాష్ట్రం అడిగినోళ్లం. రాష్ట్రం వస్తే తొవ్వలు వాటంతట అవే మన దిక్కు మర్లుతయని మా మనసులో ఎక్కడో ఉండె. ఎవ్వరూ మాకు ఆ మాట ఇయ్యలేదు, మేమే అనుకున్నం.

ఎందుకాగింది అంటే, కంపెనీ లెక్క తప్పు కాదు. రెండు ఊర్లూ కలిపి ముప్పై వేల మంది లేరు. చుట్టరికానికి, పండుగకు, ఆటకు, పాటకు పోయేటోళ్ల టికెట్లతో విమానం నూనె ఖర్చు వెళ్లదు. ఒటావా విమానం ఎందుకు నిండుతది? ఇకాలుయిట్ దవాఖానలో కానిది ఒటావాకు రాసిస్తరు. రోగి టికెట్, వెంట పోయేటోళ్ల టికెట్ సర్కారే కొంటది. అధికారులు మీటింగులకు ఒటావా పోతరు, అదీ సర్కారు పైసలే. నూక్‌లోనూ ఇదే కథ. పెద్ద జబ్బు చేస్తే కోపెన్‌హాగన్. పై చదువు ఎక్కువగ డెన్మార్క్‌లో. అట్ల సర్కారు పైసలు ఏ దిక్కు పోతయో విమానం ఆ దిక్కు పోతది. నునావుట్ ప్రభుత్వం అయితే ఏర్పడ్డది గని, ఆ ప్రభుత్వానికి వచ్చే పైసలు ఎక్కువ భాగం ఒటావా నుంచే. నేల మీద, నేల కింది ఖనిజం మీద పెత్తనం కూడ ఒటావా చేతిలోనే ఉండిపోయింది. ఆ పెత్తనం అప్పజెప్పే ఒప్పందం మీద సంతకాలైంది 2024 జనవరిలో, పూర్తిగ చేతికొచ్చేటందుకు పెట్టుకున్న గడువు 2027 ఏప్రిల్ 1. ప్రాంతం పుట్టిన 28 ఏండ్లకు అన్నట్టు.

విమానం ఆగిన మరుసటి ఏడు, 2002 మార్చిలో, ఒక సంగతి జరిగింది. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ప్రాంతాల పిల్లలకు ఆర్కిటిక్ వింటర్ గేమ్స్ అని ఆటల పోటీలుంటయి. ఆ ఏడు పోటీలను ఇకాలుయిట్, నూక్ రెండూ కలిసి జరిపినయి. కొన్ని ఆటలు అక్కడ, కొన్ని ఇక్కడ. నడుమ రోజువారీ విమానం లేని రెండు ఊర్లు కలిసి ఒక్క పోటీ పెట్టుకున్నయి. జనం మనసు ఎటుందో చెప్పేందుకు మాకు దీనికంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

ఇక సర్కార్లు ఏం చేసినయి? నవ్వొస్తది చెప్తే. కెనడాకూ గ్రీన్‌లాండ్‌కూ నడుమ ఉత్తరాన హాన్స్ అని ఒక బండ ఉన్నది. 1.3 చదరపు కిలోమీటర్లు. మనిషి లేడు, చెట్టు లేదు. 1973లో సముద్రం మీద సరిహద్దు గీసుకున్నప్పుడు ఈ బండ ఎవరిదో తేలక వదిలేసిన్రు. తర్వాత డెన్మార్క్ వాళ్లు వచ్చి జెండా పాతి మందు సీసా పెట్టి పోవుడు, కెనడా వాళ్లు వచ్చి వాళ్ల జెండా పాతి వాళ్ల సీసా పెట్టి పోవుడు. (సభలో నవ్వులు.) నిజమే, లోకమంతా దాన్ని విస్కీ యుద్ధం అన్నది. 2022 జూన్‌లో చెరి సగం పంచుకున్నరు. బండకు యాభై ఏండ్లు మంతనాలు నడిచినయి.

విమానం సంగతి చూస్తే, ఎయిర్ గ్రీన్‌లాండ్ 2012 ఎండకాలంలో నూక్ నుంచి ఇకాలుయిట్‌కు మళ్లీ మొదలుపెట్టింది. కొన్నేండ్లకే ఆపేసింది. ఈ నడుమ అడిగేటోళ్లు అడుగుతనే ఉన్నరు. ఇనూయిట్ సర్కంపోలార్ కౌన్సిల్ అని నాలుగు దేశాల ఇనూయిట్ల సంఘం ఉన్నది, 1977లో పుట్టింది. అది 2016లో ఒక కమిషన్ వేసింది. అందులో ముగ్గురు: సంఘం అధ్యక్షురాలు ఒకాలిక్ ఈగీసియాక్, నునావుట్ మాజీ ముఖ్యమంత్రి ఇవా ఆరియాక్, గ్రీన్‌లాండ్ మాజీ ప్రధాని కూపిక్ క్లైస్ట్. వాళ్లు దఫ్తర్లో కూసోలేదు. అటు ఊర్లు, ఇటు ఊర్లు తిరిగి వేటగాళ్లను, ముసలోళ్లను అడిగిన్రు. 2017లో నివేదిక ఇచ్చిన్రు. మా జనం సరిహద్దు దాటి స్వేచ్ఛగ తిరిగే ఏర్పాటు మళ్లీ కావాలె అన్నది అందులో ముఖ్యమైన ముచ్చట. పదవి దిగినంక కూడ జనం తొవ్వ పట్టిన మాజీలున్నరని మీకు చెప్పాలనే ఈ పేర్లు చెప్పినం. మిగతాది మీరు అర్థం చేసుకోండ్రి.

2024 జూన్‌లో విమానం మళ్లీ లేచింది. గ్రీన్‌లాండ్ ప్రభుత్వం 2019లో ఎయిర్ గ్రీన్‌లాండ్ వాటాలన్నీ కొనుక్కొని దాన్ని సొంతం చేసుకుంది. కెనడా దిక్కు కెనేడియన్ నార్త్, అప్పటికి ఇనూయిట్ సంస్థల చేతిలోనే ఉండె. 2025లో అది చేతులు మారింది, అది వేరే కథ. ఈ రెండూ మాట కలుపుకొని ఆ ఏడు జూన్ నుంచి అక్టోబర్ దాక వారానికి ఒక్క విమానం వేసినయి. వారానికి ఒక్కటి! ఎయిర్ గ్రీన్‌లాండ్ డాష్-8 విమానంలో పట్టేది 37 మంది. మన పల్లెవెలుగు బస్సులో ఇంకా ఎక్కువ మంది ఎక్కుతరు. అయినా పదకొండు వేల ఎనిమిది వందల కిలోమీటర్ల తొవ్వ రెండు గంటల లోపలికొచ్చింది.

ఇందులో ఒక తమాష ఉన్నది. నూక్ గడియారం ఇకాలుయిట్ కంటే మూడు గంటలు ముందుంటది. నూక్‌లో పగలు ఒంటిగంటకు విమానమెక్కితే ఇకాలుయిట్‌లో అప్పుడు పొద్దున పది. రెండు గంటల లోపల పోతరు. దిగేసరికి అక్కడ ఇంకా పన్నెండు కాదు. అంటే ఎక్కిన యాళ్ల కంటే ముందే దిగినట్టు. మర్లి వచ్చేటప్పుడు అంతకంత పడుతది, ఒంటిగంటకు ఎక్కితే ఆరు గంటల దగ్గర దిగుతరు. ఇది ఇదివరకు రెండు గంటల తేడానే ఉండె. 2023లో గ్రీన్‌లాండ్ తన గడియారాన్ని ఒక గంట యూరప్‌కు దగ్గర జరుపుకుంది. అటు వ్యాపారానికి అనుకూలమని. విమానాన్ని ఇటు తిప్పాలని చూస్తున్న కాలంలోనే గడియారం అటు జరిగింది. తప్పు పట్టుడు లేదు, వాళ్ల సరుకు పోయేది అటే.

నూక్ రన్‌వే ముచ్చట కూడ చెప్పకుంటే కథ సగమే. పాత రన్‌వే కిలోమీటరు కూడ లేదు, పెద్ద విమానం దిగే సవాలే లేదు. పెద్దది కట్టాలనుకున్నరు. 2018లో చైనా కంపెనీ ఒకటి పోటీలోకొచ్చింది. దాంతో డెన్మార్క్‌కు ఉలుకు పుట్టి, మేం పైసలు పెడతం, మూడో వంతు వాటా ఇయ్యుండ్రి అని ముందుకొచ్చింది. మన విమానాశ్రయంలో మళ్లీ కోపెన్‌హాగన్‌కు వాటానా అని నలెరాక్ పార్టీ సంకీర్ణ ప్రభుత్వం నుంచి బయటికొచ్చింది. ఒక రన్‌వే మీద ప్రభుత్వం మైనారిటీలో పడ్డది. చివరికి డెన్మార్క్ పైసలతోనే కట్టిన్రు. 2024 నవంబర్ 28న 2,200 మీటర్ల రన్‌వే తెరిచిన్రు. కోపెన్‌హాగన్ నుంచి పెద్ద విమానం నేరుగ నూక్‌లోనే దిగింది, కాంగెర్లుస్సువాక్‌లో మారే తిప్పలు పోయింది. 2025 జూన్‌లో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి ఎండకాలపు విమానం మొదలైంది. 3,000 కిలోమీటర్లు, నాలుగు గంటల పైన. పైసలున్న దిక్కు తొవ్వ ఎంత జల్ది పడుతదో చూడుండ్రి. 820 కిలోమీటర్ల పొరుగు విమానానికి 23 ఏండ్లలో రెండుసార్లు కొత్తగ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పి మన దిక్కు వస్తం. నునావుట్ లోపలనే పడమట కేంబ్రిడ్జ్ బే అనే ఊరున్నది, అక్కడి ప్రాంతానికి అది కేంద్రం. ఇకాలుయిట్ నుంచి, అంటే సొంత రాజధాని నుంచి అక్కడికి పోయే అలవాటు తొవ్వ ఏది? యెల్లోనైఫ్ మీదుగ. ఏ రాజధాని దూరమని విడిపోయిన్రో, సొంత జిల్లాకు పోవాలంటే ఆ రాజధానిలో దిగి విమానం మారాలె.

ఇది వింటుంటే ఆదిలాబాద్ నుంచి వచ్చిన అన్నలు అప్పటి నుంచి నవ్వుతున్నరు, మేం చూస్తనే ఉన్నం. మీకు రైలు గుర్తుకొచ్చి ఉంటది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రైలెక్కితే ఏమైతది? బండి మొదలు మహారాష్ట్రలోకి పోతది. కిన్వట్, భోకర్, ముద్‌ఖేడ్ తిరిగి, ధర్మాబాద్ దాటి, బాసర దగ్గర మళ్లీ తెలంగాణలోకి వస్తది. సొంత రాష్ట్రంలో జిల్లా కేంద్రం నుంచి రాజధానికి పక్క రాష్ట్రం మీదుగ. నిజాం జమానాలో ఆ లైను వేసిన నాడు అదంతా ఒక్క హైదరాబాద్ రాజ్యమే. కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండె. 1956లో గీత మారింది, కిన్వట్ అటుపోయింది. రాజురా కూడ పోయింది. పట్టాలు వేసిన చోటనే ఉన్నయి. నిర్మల్, ఆర్మూర్ మీదుగ నేరుగ లైను వెయ్యుండ్రని ఆ జిల్లా జనం ఏండ్లుగ అడుగుతనే ఉన్నరు. ఎన్ని ఎన్నికల్లో ఆ మాట విన్నరో ఆ అన్నలనే అడుగుండ్రి.

ఆ గీతకు అటూ ఇటూ ఉన్నది గోండులు. ఇటు పిల్లలు తమ భాషను తెలుగు అక్షరాల్లో రాస్తరు, అటు పిల్లలు దేవనాగరిలో. ఇకాలుయిట్, నూక్ సంగతీ అంతే. నునావుట్‌లో క్రైస్తవ మిషనరీలు నేర్పిన గీతల లిపి, గ్రీన్‌లాండ్‌లో రోమన్ లిపి. ఒకళ్ల ఉత్తరం ఇంకొకళ్లు చదవాలంటే కష్టం. నోటి మాట కొంచెం నిదానంగ మాట్లాడుకుంటే అందుతది. మాట్లాడుకునేటందుకు ఎదురుబదురు కూసోవాలె, కూసోవాలంటే విమానం కావాలె.

కొందరు మిత్రులు మమ్మల్ని అడిగిన్రు, నునావుట్ ఏర్పడి వాళ్లకు ఏమొచ్చిందని. మనల్ని అడిగినట్టే. శాసనసభలో వాళ్ల భాష వచ్చింది. కొలువుల్లో వాళ్ల బిడ్డలొచ్చిన్రు. ఫైలు 2,260 కిలోమీటర్లు పోవుడు తప్పింది. విమానం నడపాల్నా వద్దా అని అడిగేటందుకు ఒక సొంత ముఖ్యమంత్రి దొరికిండు, యెల్లోనైఫ్‌లో ఉన్న నాడు ఈ ముచ్చట వినేటోడే ఎవడు? అయితే అడగకుండ వచ్చింది మాత్రం ఏదీ లేదు. వాళ్లు పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది తర్వాత అడుగుడు బంద్ చేసి ఉంటే 2024లో ఆ 37 సీట్ల విమానం లేచేది కాదు.

విద్యార్థి తమ్ముళ్లకు ఒక పని చెప్తున్నం, ఉద్యోగ మిత్రులు సాయం పట్టుండ్రి. మీ జిల్లా కేంద్రం నుంచి పక్క జిల్లా కేంద్రానికి నేరుగ ఎన్ని బస్సులున్నయి, పట్నం ముట్టకుండ పోయే తొవ్వ ఎంత, పట్నం తిరిగి పోతే ఎంత, టైం ఎంత పడుతది, ఒక కాగితం మీద రాయుండ్రి. పెద్ద పరిశోధన అక్కర్లేదు, బస్టాండ్ల బోర్డు చూసి, కండక్టరన్నను అడిగితే చాలు. మా వీక్లీకి పంపుండ్రి, జిల్లాకో పేజీ ఇస్తం. ఆసిఫాబాద్ నుంచి, అచ్చంపేట దిక్కు నుంచి, ఏటూరునాగారం నుంచి ముందుగాల రావాలని మా కోరిక.

మాకిచ్చిన టైం అయిపోయిందని సభ నడిపే అన్న చిట్టీ పంపిండు. ఇగ ప్రశ్నలుంటే అడుగుండ్రి. చివరి బస్సు పట్టుకోవాల్సినోళ్లు ముందుగాల అడిగి పోవచ్చు.